గ్రుడ్లకు ఏ కోడి మేలు?

పెరటిలో నాలుగు కోళ్లు పెంచుకొనవలెనన్న, ఏ జాతిని తేవలెనను ప్రశ్న మొదట పుట్టును. చలిదేశములవారు చలికి తాళు జాతిని వెదకుదురు. కెనడాలోని క్విబెక్కున ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఒక మఠవాసి రూపొందించిన షాంటెక్లేర్ కోడికి జుట్టును, తమ్మెలును మిక్కిలి చిన్నవి. పెద్దజుట్టయినచో అచ్చటి మంచునకు గడ్డకట్టి చెడిపోవును.

బుక్కరాయసముద్రమున ఈ లెక్క తలక్రిందులగును. వేసవిలో ఇచ్చటి యెండ 40 డిగ్రీలు దాటును. కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటచేతను, నెత్తురు నిండిన జుట్టు, తమ్మెల ద్వారమునను అది ఒంటి వేడిని వెడలగొట్టుకొనును. కనుక పెద్దజుట్టు మనకు గుణమే. అతిగా రొప్పిన కోడికి మేత సహింపదు. నెత్తురులోని బొగ్గుపులుసు గాలియు అధికముగా పోవుటచే గ్రుడ్డు పెంకు పలుచనై పగులును.

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టలో వేరుసెనగ చేతికి రాని యేడులు కలవు. అట్టి యేట గ్రుడ్ల అమ్మకము ఇల్లాలికి ఉప్పుపప్పుల ఆధారము. కనుక ఎంపిక చిన్న విషయము కాదు.

నాటుకోడి యెండకు ఓర్చును, తానే పొదిగి పిల్లలను కాచుకొనును. కాని యేటికి 50, 60 గ్రుడ్లకు మించి పెట్టుట అరుదు. అసిల్ పౌరుషము గలది. తోడికోళ్లతో పోరాడును, గ్రుడ్లును తక్కువే. తెల్ల లెగ్‌హారన్ 300 వఱకు పెట్టగలదు. కాని దానికి కొనుగోలు మేతయు, మంచి కొట్టమును వలయును. పైగా అది బెదరు స్వభావము గలది.

వీని నడుమ నిలుచు కోళ్లను హైదరాబాదు రాజేంద్రనగరమున 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినది. వనరాజ మాంసమునకును గ్రుడ్లకును పనికివచ్చును. పెరటిలో ఏటికి నూటికి కొంచెము మించి పెట్టును. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్లకే. పెరటిలో తిరుగాడుచు 160 మొదలు 180 వఱకు గోధుమవన్నె గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్లే ప్రధానమైన యింటికి మేము గ్రామప్రియనే సూచింతుము.

అయితే దానికి పొదుగుబుద్ధి తక్కువ. సంకరజాతి గనుక పిల్లలలో తల్లి గుణము నిలువదు. ప్రతిసారి క్రొత్త పిల్లలను కొనవలెను. అందువలన ఒకటి రెండు నాటుపెట్టలను కూడ ఉంచుకొనుట మంచిది. పిల్లలు దొరకని యేడు ఇంటి మంద అంతరింపకుండును.

చలి భయము మనకు పసిపిల్లల యెడలనే. కొని తెచ్చిన పిల్లలకు తల్లి రెక్కలు లేవు గదా! మొదటి నాలుగు వారములైనను దీపపు వెచ్చదనము చూపవలెను. కొక్కెర తెగులునకు టీకా వేయింపవలెను. నాటినుండియే చేతితో గింజలు వేసినచో మచ్చికయై, సాయంకాలము పిలిచిన గూటికి చేరును. పెరిగిన కోళ్లకు వేసవిలో చెట్టునీడ, మట్టిపాత్రలో చల్లని నీరు, ప్రొద్దున చల్లవేళ మేత ముఖ్యములు. ఇవి లేనిచో ఎంత మేలుజాతి కోడియైనను గ్రుడ్లు పెట్టుట తగ్గించును.