కార్ఖానా గేటు లేని కార్మికుడు

ఇటీవల వినుకొండలో ఒక కథాపఠన గోష్ఠి జరిగింది. డిగ్రీ చదువుతున్న కుర్రవాడొకడు కథ చదివాడు. తెల్లవారుజామున సైరను మోగుతుంది, పొగగొట్టం కింద జనం చీమలబారులా నడుస్తారు, గేటు దగ్గర ఎర్రజెండా ఎగురుతుంది. నిజాయితీగా రాసిన కథే. చదవడం పూర్తయ్యాక వెనక వరసలోంచి ఎవరో అడిగారు: "బాబూ, ఈ మిల్లు ఎక్కడుంది?" కుర్రవాడు తెల్లబోయాడు. అతనిది మా నూజెండ్ల మండలమే. తండ్రి మిరపచేను కౌలుకు చేస్తాడు. అన్న హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. ఆ ఇంట్లో మిల్లు సైరను విన్నవాళ్లెవరూ లేరు.

మరి ఆ సైరను కథలోకి ఎక్కడినుంచి వచ్చింది? మననుంచే వచ్చింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి మన విమర్శకులం కార్మికుడంటే కార్ఖానా కార్మికుడని చెబుతూ వచ్చాం. గోర్కీ 'అమ్మ' మనకు ఆదర్శం. అందులో తప్పులేదు. అప్పుడు మిల్లులున్నాయి. వరంగల్లులో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు ఉంది, బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉంది, హైదరాబాదులో ఆల్విన్, ప్రాగా టూల్స్ ఉన్నాయి. వేలమంది ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి, ఒకే గేటులోంచి బయటికి వచ్చేవారు. కష్టం ఉమ్మడిదని వాళ్లకు ఎవరూ బోధించనక్కర్లేదు, కళ్లముందే కనిపించేది. ఆ గేటు ఇప్పుడు ఏమైందన్నది రచయితలు తెలుసుకోవలసిన విషయం.

ఆర్థికశాస్త్రజ్ఞులు దీనికి ఒక నిచ్చెన వేసి చూపించారు. 1935లో అలన్ ఫిషర్, 1940లో కోలిన్ క్లార్క్ చెప్పిన మాట సారాంశం ఇది: దేశం పేదగా ఉన్నప్పుడు జనం ఎక్కువమంది సేద్యంలో ఉంటారు. ఆదాయం పెరిగితే తిండి ఖర్చు అదే లెక్కన పెరగదు, మనిషి ఎంత ధనవంతుడైనా రెండు కడుపులు పెట్టుకోడు. మిగిలిన డబ్బు బట్టలకు, సైకిలుకు, రేడియోకు పోతుంది. కార్ఖానాలు పెరుగుతాయి. ఇంకా పెరిగితే చదువుకు, వైద్యానికి, ప్రయాణానికి, వినోదానికి పోతుంది. వీటన్నిటికీ కలిపి సేవారంగమని పేరు. బ్రిటన్ ఈ నిచ్చెన వరసగా ఎక్కింది. అమెరికాలో కార్ఖానా ఉద్యోగాలు 1979లో శిఖరానికి చేరి, ఆ తర్వాత ఎన్నడూ ఆ సంఖ్యను అందుకోలేదు.

ఇందులో మరో కిటుకు ఉంది. విలియం బామోల్ 1966లో విలియం బోవెన్‌తో కలిసి రాసిన పుస్తకంలో సంగీతకారుల లెక్క తీశాడు. మనం బుర్రకథ లెక్క తీద్దాం. నాజర్ గారి కాలంలో బుర్రకథకు కథకుడొకడు, వంతలిద్దరు. ఇవాళా ముగ్గురే. రాత్రికి ఒక్క కథే. మరమగ్గం వచ్చాక ఒక మనిషి నేసే గుడ్డ ఎన్నో రెట్లు పెరిగింది. కథ చెప్పడంలో అలాంటి పెరుగుదల ఉండదు. కాని మిల్లు కూలి పెరిగినప్పుడు కథకుడి పారితోషికమూ ఎంతో కొంత పెరగాలి, లేకపోతే అతను తంబురా దించి వేరే పనికి పోతాడు. మా వైపు ఎందరో అలాగే పోయారు. కాబట్టి గుడ్డ చవకవుతుంది, కథ ప్రియమవుతుంది. బడి, ఆసుపత్రి కూడా ఇంతే. పని పెరగకపోయినా డబ్బు లెక్కలో సేవల వాటా పెరుగుతుంది.

కొన్నిసార్లు పెరిగేది లెక్క మాత్రమే. ఒక సిమెంటు కార్ఖానా ఉందనుకోండి. మా మాచర్ల, దాచేపల్లి వైపు చూసినవారికి ఊహించడం కష్టం కాదు. కాంటీనులో వంటమనిషి, గేటు కాపలాదారు, ఊడ్చే ఆమె కార్ఖానా జీతగాళ్లుగా ఉన్నంతకాలం పారిశ్రామిక కార్మికులు. యాజమాన్యం ఆ పనులు కాంట్రాక్టరుకు అప్పగించిన మర్నాటినుంచి వాళ్లు సేవారంగం! చీపురు అదే, నడుం నొప్పి అదే, యూనియన్ సభ్యత్వం మాత్రం పోయింది. ఇలా పరిశ్రమ నుంచి సేవలు చీలిపోవడం గురించి జగదీశ్ భగవతి 1984లోనే రాశాడు. ఆయన మన శిబిరం వాడు కాదు, అయినా మాట నిజం.

మన దేశానికొస్తే నిచ్చెనకు నడిమి మెట్టే సన్నం. 2023-24 లెక్కల ప్రకారం పనిచేసేవారిలో నూటికి 46 మంది ఇంకా సేద్యంలోనే ఉన్నారు. కార్ఖానా ఉత్పత్తిలో సుమారు 11 మంది. సేవల్లో 30 మంది దాకా ఉండగా, జాతీయోత్పత్తిలో సగానికి పైగా సేవలదే. పరిశ్రమల వాటా 25 శాతానికి చేర్చాలని 2011 జాతీయ విధానం చెప్పింది, 2014లో మళ్లీ ఆర్భాటంగా ప్రకటించారు. చేరలేదు. కార్ఖానాలు సరిగా పెరగకముందే తరిగిపోయే ఈ స్థితిని డానీ రోడ్రిక్ 2015లో అకాల పారిశ్రామిక క్షీణత అన్నాడు. మన మాటల్లో పిందె పండిపోవడం.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఈ రెంటి మధ్య కాలమే మన సాహిత్యానికి సరిగా అందని కాలం. అయితే పరిశ్రమ చచ్చిందని మొత్తుకోవడం కూడా అబద్ధమే. 1961 నాటి ఐడీపీఎల్ అనే ప్రభుత్వరంగ మందుల సంస్థలో పనిచేసిన రసాయన నిపుణులే తర్వాత హైదరాబాదును మందుల పరిశ్రమకు కేంద్రం చేశారు. సాఫ్ట్‌వేర్ వెలుగు కూడా ఎంత మేరకో చూడాలి. దేశం మొత్తం మీద ఆ రంగంలో ఉన్నవారు పనిచేసే జనంలో నూటికి ఒకరు కూడా కారు. ఆ ఒక్కడికి కారు తోలేవాడు, అన్నం మోసేవాడు, కాపలా కాసేవాడు కావాలి. మా కుర్రవాడి అన్న అక్కడ ఉన్నాడు.

బొంబాయి సంగతి ఇంకా స్పష్టం. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు అక్కడి బట్టల మిల్లుల్లో తరాలపాటు పనిచేశారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె గెలవలేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ స్థలాల్లో దుకాణ సముదాయాలు, కార్యాలయాలు లేచాయి. పొగగొట్టాన్ని అలంకారంగా అట్టే పెట్టుకున్న చోటూ ఉంది. ఆ మిల్లులు ఉన్నప్పుడు మరాఠీకి నారాయణ్ సుర్వే వంటి కవి దొరికాడు. ఇప్పుడు అదే స్థలంలో పన్నెండు గంటలు నిలబడి చీరలు మడతపెట్టే అమ్మాయి గురించి ఎవరు రాస్తున్నారు?

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం లేవదీస్తారు: సేవల్లో సరుకు తయారు కాదు కదా, వాళ్లు శ్రామికవర్గం ఎలా అవుతారు? దీనికి సమాధానం 'పెట్టుబడి' మొదటి సంపుటంలోనే ఉంది. మార్క్స్ అక్కడ ఉదాహరణగా తీసుకున్నది బడిపంతులునే! పిల్లలకు పాఠం చెప్పడంతో ఆగక, బడి యజమాని లాభం కోసం గొడ్డుచాకిరీ చేసినప్పుడు పంతులు ఉత్పాదక శ్రామికుడే అవుతాడని, యజమాని పెట్టుబడి చదువు కార్ఖానాలో పెట్టినా మాంసం కార్ఖానాలో పెట్టినా సంబంధం మారదని దాని తాత్పర్యం. నేను సర్కారు బడి పంతులుని, కనుక ఆ లెక్కలోకి రాను. గుంటూరు, విజయవాడల రెసిడెన్షియల్ కాలేజీల్లో ర్యాంకుల కోసం రాత్రి స్టడీ అవర్లు కాసే మా శిష్యులు మాత్రం అచ్చంగా ఆ లెక్కలోకి వస్తారు. శ్రామికుణ్ణి గుర్తించవలసింది చేతిలోని పనిముట్టును బట్టి కాదు, శ్రమ ఫలితం ఎవరి సంచిలో పడుతున్నదో దాన్ని బట్టి.

రావిశాస్త్రి ఇది మనకంటే ముందే పసిగట్టాడనిపిస్తుంది. 'ఆరు సారా కథలు' చూడండి. అందులో పొగగొట్టం లేదు. దొంగసారా అమ్మేవాళ్లు, పోలీసులు, కోర్టు పక్షులు ఉన్నారు. మన విమర్శ ఆయన శైలిని మెచ్చుకున్నంతగా, ఆ మనుషులు ఏ ఆర్థికంలో బతుకుతున్నారో పట్టించుకోలేదు.

పోయిన వేసవిలో హైదరాబాదు వెళ్లినప్పుడు నన్ను బస్టాండు నుంచి ఎక్కించుకున్న కారు డ్రైవరు మా బడిలో చదివినవాడే. "ఎవరి దగ్గర చేస్తున్నావురా?" అన్నాను. "ఎవరి దగ్గరా కాదు మాస్టారూ. ఫోన్లో వస్తది, పోతా. కోపమొస్తే తిట్టడానిక్కూడా మనిషి కనపడడు" అన్నాడు. 2020 నాటి సామాజిక భద్రత స్మృతి కూడా ఇలాంటివారిని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలివారిగానే నిర్వచించింది. మీరంతా ఎక్కడైనా కలుస్తారా అని అడిగాను. విమానాశ్రయం దగ్గర కార్లు ఆపుకునే మైదానంలో, వంతు వచ్చేదాకా గంటల తరబడి కూర్చుంటారట. అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు, రేట్లు తగ్గించిన రోజున అక్కడే పోగై మాట్లాడుకుంటారట.

వినుకొండ కుర్రవాడికి ఈ సంగతి చెప్పాను. వాళ్ల అన్న పనిచేసే అపార్టుమెంటులో వాచ్‌మన్ గది ఎన్ని అడుగులుంటుందో కనుక్కుని, కథ మళ్లీ రాస్తానన్నాడు.