పాత కారు ఏసీకి గ్యాస్ ఒక్కటే మందు కాదు

పుదుచ్చేరి: తమిళులు అగ్ని నక్షత్రమనీ, తెలుగువారు కృత్తిక, రోహిణి కార్తెలనీ పిలుచుకునే మే నెల ఎండలో, పట్టణానికి దక్షిణాన కడలూరు రోడ్డుపై ఉన్న మురుంగపాక్కం మీదుగా ఒక పాత కారు నాలుగు అద్దాలూ దించుకొని పోతుంటే, అందులో ఏసీ లేదని అనుకోనక్కరలేదు. ఏసీ ఉండే ఉంటుంది, పనిచేయడం లేదంతే. కిందటి వేసవిలో గ్యాస్ నింపించి ఉంటారు. నాలుగు నెలలు చల్లగా నడిచి ఉంటుంది. ఈ వేసవికి మళ్లీ వేడిగాలే. మెకానిక్ వద్దకు వెళితే వినిపించే మాట కూడా పాతదే: 'గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి.'

ఈ మాటలో సగమే నిజమున్నది. కారు ఏసీలోని గ్యాస్ పెట్రోలు మాదిరిగా ఖర్చయ్యే వస్తువు కాదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఎవాపొరేటర్‌ల మధ్య అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతూ లోపలి వేడిని బయటకు మోస్తుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోవడం సహజమే. కాని ఒక్క ఏడాదిలో చల్లదనం పూర్తిగా పోయిందంటే ఎక్కడో చిల్లు పడినట్లే. దానిని వదిలి గ్యాస్ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడం వంటిది.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. గ్యాస్ నింపడానికి ఏటా రెండు వేల రూపాయలు అవుతుందని అనుకుందాం. నాలుగు వేసవులకు ఎనిమిది వేలు. లీకు గొట్టం అతుకు వద్ద ఉండే ఓ-రింగ్‌లో ఉన్నదనుకుంటే ఆ రింగు ఖరీదు కొద్ది రూపాయలే. లీకు వెదకడం, విప్పి బిగించడం, మళ్లీ గ్యాస్ నింపడం అన్నీ కలిపి మూడు, నాలుగు వేలకు తేలినా రెండో వేసవికల్లా ఖర్చు గిట్టుబాటు అవుతుంది. ఈ అంకెలు లెక్క కోసం చెప్పినవే. ఊరిని బట్టి, కారును బట్టి ఇవి మారతాయి.

సముద్రపు గాలి దెబ్బ

మురుంగపాక్కం వంటి చోట్ల ముందుగా అనుమానించవలసింది కండెన్సర్‌ను. రేడియేటర్‌కు ముందు, బంపరు వెనుక నిలువుగా ఉండే ఈ జాలీ పలుచని అల్యూమినియం రేకులతో తయారవుతుంది. సముద్రం ఎంతో దూరం లేని ఈ ప్రాంతంలో ఉప్పు తేమ ఆ రేకులను మెల్లగా తినివేస్తుంది. తెల్లని పొడి కట్టడం, రేకులు చేతితో తాకితే రాలిపోవడం ఇందుకు గుర్తులు. ఈ బెడద ఒక్క పుదుచ్చేరికే పరిమితం కాదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం కారు యజమానులకూ, ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమై గోదావరి ఒడ్డున ఉన్న యానాం వాసులకూ ఇది తెలిసిన కథే.

గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా గొట్టాలలో తిరుగుతుంది కనుక, లీకు ఉన్న చోట జిడ్డు పట్టి దానిపై దుమ్ము పేరుకొని ఉంటుంది. అతుకుల వద్ద, కండెన్సర్ మీద ఇలాంటి నల్లని మరక ఉన్నదేమో టార్చిలైటు వేసి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. అలాగే కండెన్సర్‌ను నెలకోసారి మామూలు నీళ్లతో, ధార గట్టిగా తగలకుండా కడిగితే ఉప్పూ దుమ్మూ పోతాయి. వాటర్ సర్వీసు వారి జెట్ ధార తగిలితే మాత్రం రేకులు వంగిపోయి అసలుకే మోసం వస్తుంది.

గ్యాస్‌తో నిమిత్తం లేని లోపాలూ అనేకం. రహదారిపై చల్లగా ఉండి, సిగ్నల్ వద్ద ఆగగానే వేడిగాలి వస్తుంటే కండెన్సర్ ఫ్యానును చూడాలి. గాలి చల్లగానే ఉన్నా బలంగా రాకపోతే ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా బ్లోయరు నీరసించి ఉండవచ్చు. కాళ్ల వద్ద మ్యాటు తడుస్తుంటే నీరు బయటకు పోయే గొట్టం పూడుకొని ఉంటుంది. కంప్రెసర్ అసలే తిరగకపోతే ఫ్యూజు, రిలే, బెల్టు, క్లచ్‌లను వరుసగా పరీక్షించాలి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపివేస్తుంది గనుక, ఆగిన ప్రతి కంప్రెసర్ చెడిపోయినట్లు కాదు. ఒక రిలే పోయిన కారుకు కంప్రెసర్ మార్చిన ఉదంతాలు ఏ ఊరి యజమానులను అడిగినా వినిపిస్తాయి.

లీకు ఉన్నదని తేలితే దానిని పట్టుకునే పద్ధతులు ఖరీదైనవేమీ కావు. గొట్టాలలోకి నైట్రోజన్‌ను ఒత్తిడితో ఎక్కించి, అతుకులపై సబ్బు నురుగు పూయడం అన్నిటికన్నా చవకైనది. నూనెలో రంగు కలిపి కొన్నాళ్లు నడిపాక అతినీలలోహిత దీపం కింద చూడడం మరొకటి. బాగుచేసిన తరువాత వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట సేపు గాలినీ తేమనూ లాగివేయాలి. పంపు ఆపాక గేజి ముల్లు కదలకుండా నిలబడాలి. ఆ తరువాతనే గ్యాస్. అదీ చేతివాటంగా కాదు, తూకంతో. కారుకు ఎన్ని గ్రాములు పట్టాలో సాధారణంగా బానెట్ కింద చీటీపై ముద్రించి ఉంటుంది. చిన్న కారుకు అది ఇంచుమించు అరకిలో. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం వస్తుందన్నది భ్రమ. ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ దెబ్బతింటుంది.

జేబు నిజంగా బరువెక్కవలసిన సందర్భాలు రెండు. ఎవాపొరేటర్ డాష్‌బోర్డు లోపల ఉంటుంది కనుక అది చిల్లుపడితే వస్తువు ధర కన్నా విప్పి బిగించే కూలీయే భారమవుతుంది. రెండోది కంప్రెసర్. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్లా, పుదుచ్చేరికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నై పుదుపేటలోనూ పాత సరుకు వెదుక్కునేవారు ఉన్నారు. తప్పు లేదు గాని, పాత కంప్రెసర్ లోపల అరిగి లోహపు రజను గొట్టాలలోకి చేరి ఉంటే, వాటిని కడగకుండా, తేమను పీల్చే డ్రయ్యర్‌ను మార్చకుండా ఏ కంప్రెసర్ బిగించినా అదే గతి పడుతుంది. మూడు వందల రూపాయల డ్రయ్యర్ వద్ద మిగుల్చుకోబోయి వేలు పోగొట్టుకోవడం పొదుపు అనిపించుకోదు. కొత్త సరుకు కొనేవారికి కొంత ఊరట ఉన్నది. అంతవరకు 28 శాతం జీఎస్‌టీ పడుతున్న వాహన విడిభాగాలను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం శ్లాబులోకి తెచ్చారు.

పాత గ్యాస్, కొత్త గ్యాస్

తొంభైల తొలినాళ్ల కార్లది వేరే సమస్య. వాటిలో ఆర్-12 అనే క్లోరోఫ్లోరోకార్బన్ ఉండేది. ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను హరిస్తాయని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారత్ అందులో చేరింది. 2003 జనవరి 1 నుంచి కొత్త ఏసీల తయారీలో ఈ వాయువుల వాడకాన్ని దేశంలో నిషేధించారు. ఆస్తమా రోగుల ఇన్‌హేలర్ల అవసరానికి తప్ప వాటి ఉత్పత్తి 2008 ఆగస్టు 1 నాటికి నిలిచిపోయింది. వాటి స్థానంలో వచ్చినదే ఆర్-134ఎ.

అయితే పాత కారులో కొత్త గ్యాస్ నింపితే సరిపోదు. ఆర్-12కు వాడే మినరల్ నూనె ఆర్-134ఎలో కలవదు. కలవని నూనె తిరిగి కంప్రెసర్‌కు చేరదు. నూనె అందని కంప్రెసర్ కొన్నాళ్లకే పట్టివేస్తుంది. కనుక నూనె, డ్రయ్యర్, ఓ-రింగ్‌లు మార్చి, పాత తూకంలో 80 నుంచి 90 శాతమే నింపడం రివాజు.

చవకగా దొరికే సిలిండర్ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. కొందరు వంటగ్యాస్ జాతి మిశ్రమాలను ఎక్కిస్తుంటారు. అవి చల్లబరుస్తాయి, అంటుకుంటాయి కూడా. అంతకన్నా ప్రమాదకరం మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ సరుకు. అది అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థంగా మారుతుంది. 2011లో ఇలాంటి కల్తీ గ్యాస్ ఎక్కించిన శీతల నౌకా కంటెయినర్లు పేలి ముగ్గురు కార్మికులు మరణించారు.

ఆర్-134ఎకు కూడా రోజులు దగ్గరపడుతున్నాయి. ఓజోన్‌కు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. ఒక చిన్న కారులోని 450 గ్రాములు గాలిలో కలిస్తే దాదాపు 640 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సుమారు 280 లీటర్ల పెట్రోలు మండితే వచ్చేంత! ఏటా నింపించి ఏటా గాలిలోకి వదలడమంటే ఇదే. 2016 నాటి కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ కోవ వాయువుల వాడకాన్ని 2028లో ఒక పరిమితి వద్ద నిలిపివేసి, 2032 నుంచి దశలవారీగా తగ్గించవలసి ఉన్నది. సరఫరా తగ్గితే ధర ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. నేడు బిగించిన ఓ-రింగ్ విలువ అప్పుడు మరింత తెలిసివస్తుంది.

అసలు ఆ కారుపై ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు అన్నది చివరి ప్రశ్న. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఆ గడువు ముంగిట్లో ఉన్న కారుకు ఎవాపొరేటర్ మార్చే ముందు, మరో ఐదేళ్లు దానిని ఉంచుకుంటామా అని ఇంట్లో ఒక మాట అనుకోవడం మేలు. ఉంచుకోదలిస్తే మరమ్మతు దండగ కాదు. బిల్లుపై మాత్రం లీకు ఎక్కడ దొరికింది, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎన్ని గ్రాములు నింపారు అన్నవి రాయించుకోవాలి. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లవలసి వస్తే ఆ కాగితమే సాక్ష్యం.

వెళ్లేదేదో మార్చిలోనే వెళ్లాలి. అప్పుడైతే మెకానిక్‌కు సబ్బు నురుగు పూసి బుడగలు చూసే తీరిక ఉంటుంది. మే నెలలో షెడ్డు ముందు పది కార్లు నిలబడి ఉంటే అతని చెయ్యి ముందుగా గ్యాస్ సిలిండర్ మీదికే పోతుంది.