వైగై వరద – మూడు హెచ్చరికలు

వైగై నది ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకమేటగనే కనిపించును. అందుచేతనే దాని ఒడ్డున గుడిసెలు, ఇసుకలో పశువులు. కాని వరుసనాడు కొండలలో వానలు కురిసి ఆనకట్ట నిండినచో, మదురైలో ఎండ కాయుచుండగనే ప్రవాహము రావచ్చును.

1959లో ప్రారంభమైన వైగై ఆనకట్ట నిండుమట్టము 71 అడుగులు. నీరు 66 అడుగులకు చేరగనే మొదటి హెచ్చరిక, 68.5 అడుగులకు రెండవది, 69 అడుగులకు మూడవది వెలువడును. కడపటి రెంటి నడుమ ఎడము అర అడుగే! కావున మొదటిదానికే కాగితములు, మందులు మూటగట్టవలెను; రెండవదానికి వృద్ధులను, పసివారిని, పశువులను మెరకకు చేర్చవలెను; మూడవదాని పిమ్మట నదిలో కాలు పెట్టరాదు.

ఈ ప్రకటనలు తమిళమున వెలువడును. చదువురాని మన అవ్వతాతలకు వానిని ఇంటి తెలుగులో తెలియజెప్పుట, విద్యార్థులారా, మీ పని.