గుగ్గిళ్ళు ఒక్క పండక్కేనా?

సత్యవేడు వైపు ఎవరైనా ‘శెనక్కాయలు’ అంటే అర్థం వేరుశనగలే. దక్షిణ అమెరికాలో పుట్టి ఇక్కడికొచ్చిన ఆ పంట మన శనగ పేరును అరువు తీసుకుని, చివరికి దాన్నే సొంతం చేసుకుంది. అసలు శనగకు మిగిలిన చోట్లు రెండు. ఒకటి పూజగది. శ్రావణమాసం వాయనంలో నానబెట్టిన శనగలు, గురుగ్రహానికి గురువారం నైవేద్యం, దసరా బొమ్మల కొలువు ముందు గుగ్గిళ్ళు. సరిహద్దు దాటి ఊత్తుకోటకు పోతే ఈ గుగ్గిళ్ళనే సుండల్ అంటారు. రెండో చోటు నూనె బాణలి. శనగపిండి బజ్జీ, శనగపప్పు మసాలా వడ, కారాబూందీ, మిక్చరు అన్నీ అక్కడ తేలేవే. ఈ రెంటికీ నడుమ ఉన్న అన్నం పళ్లెంలో శనగ గింజ కనిపించేది అరుదు. తిరగవాతలో చిటికెడు పప్పుగా పడితే పడినట్టు. ఆరోగ్యం లెక్కన చూస్తే ఈ వరస తలకిందులు. పండక్కని దాచుకున్న రూపమే వారంలో నాలుగు రోజులు తినదగినది, సాయంత్రమైతే నోటికి అందే రూపమే పండక్కి ఆగవలసినది.

ఎందుకో తెలియాలంటే మిల్లులో ఏం జరుగుతుందో చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పోషక విలువల పట్టికల ప్రకారం, 100 గ్రాముల పొట్టు శనగల్లో మాంసకృత్తులు దాదాపు 19 గ్రాములు, పీచు సుమారు 25 గ్రాములు. అదే శనగ పొట్టు ఊడి, బద్దలుగా చీలి పప్పయితే మాంసకృత్తులు 21 గ్రాములు దాటుతాయి, పీచు మాత్రం 15 గ్రాములకు పడిపోతుంది. అంటే పొట్టుతో పాటు 10 గ్రాముల పీచు బయటికి పోయింది. తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములకు కూడా చేరదు, మాంసకృత్తులు 8 గ్రాముల దగ్గరే ఆగుతాయి. పోషకాహార నిపుణులు రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 30 గ్రాముల పీచు ఉండాలంటారు. నానబెట్టక ముందు తూచిన 30 గ్రాముల శనగలు, అంటే ఒక చిన్న గుప్పెడు, అందులో పావు వంతును తీరుస్తాయి.

పీచు ఎంతుందన్నది సగం లెక్కే. గింజ చెక్కుచెదరకుండా ఉండటం మిగతా సగం. శనగలోని పిండిపదార్థం గట్టి కణాల గోడల మధ్య బందీగా ఉంటుంది. ఉడికాక కూడా ఆ గోడలు చాలావరకు నిలిచే ఉంటాయి. జీర్ణరసాలు వాటిని దాటుకుని లోపలికి పోవడానికి సమయం పడుతుంది, ఆ మేరకు రక్తంలోకి చక్కెర నిదానంగా చేరుతుంది. ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే పద్ధతిని 1981లో టొరంటో శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ కొలతలో ఉడికించిన శనగలు అట్టడుగు వరసలో ఉంటాయి, తెల్లన్నం వాటికి చాలా పైన ఉంటుంది. పిండి పట్టిస్తే ఆ గోడలు పగిలిపోతాయి. ఆ పిండిని జారుగా కలిపి కాగే నూనెలో వేస్తే, తక్కువ కొవ్వు ఉన్న గింజ నూనె పీల్చుకున్న తిండిగా మారుతుంది. కాబట్టి ‘బజ్జీ కూడా శనగేగా’ అన్న సమాధానం చెల్లదు. పొట్టుతో వేయించిన శనగలు మాత్రం సాయంత్రం చిరుతిండిగా నిక్షేపంగా ఉండదగినవి.

మన ప్రాంతానికి ఈ మాట ఎందుకు ముఖ్యమంటే, పనులు మారినంత తొందరగా పళ్లెం మారలేదు. నాట్లకూ కోతకూ వంగిన ఒంటికి కుదిరిన అన్నం కొలత, శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే ఒంటికీ, కంప్యూటరు ముందు కూర్చునే ఒంటికీ కుదరదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 11.4 శాతం పెద్దలకు మధుమేహం ఉందనీ, మరో 15.3 శాతం దాని గుమ్మం దగ్గర ఉన్నారనీ అంచనా వేసింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు 2,000 కేలరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పుగింజలు 85 గ్రాములు చాలంటున్నాయి. అందుకే శనగ అన్నానికి తోడుగా కాక, అన్నంలో కొంత భాగానికి బదులుగా రావాలి. మామూలుగా పెట్టుకునేంత అన్నమూ పెట్టుకుని, పైన గిన్నెడు గుగ్గిళ్ళు తింటే కేలరీలు పెరుగుతాయి తప్ప ఫలితం ఉండదు. ఒక గరిటెడు అన్నం తగ్గించి ఆ చోటు శనగకివ్వాలి. అలాగని అన్నం పూర్తిగా మానక్కర్లేదు. బియ్యంలో తక్కువైన లైసిన్ శనగలో దండిగా ఉంది, శనగలో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ కలిస్తేనే మాంసకృత్తుల లెక్క నిండుతుంది.

ఇక్కడ వినిపించే మొదటి అభ్యంతరం, శనగలు వాతం చేస్తాయని. అది అపోహ కాదు. రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలను మన చిన్నపేగు అరిగించలేదు. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, గ్యాస్ అక్కడిదే. కానీ ఆ పులియడంలోనే పేగు గోడకు మేలుచేసే ఆమ్లాలు కూడా తయారవుతాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికిస్తే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి. నీళ్లతో పాటు కొన్ని విటమిన్లు పోతాయన్నది నిజమే, కడుపుబ్బరంతో శనగనే మానుకోవడం కంటే అది చిన్న నష్టం. మొదటి వారం రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే చాలామందికి పొట్ట అలవాటు పడుతుంది. ఏడాదికోసారి పండగనాడు గిన్నెడు తిని, పడలేదని తీర్పు చెప్పడం శనగకు అన్యాయం.

రెండో అభ్యంతరం చదువుకున్నవారిది. శనగలో ఇనుము ఉన్నా ఫైటిక్ ఆమ్లం దాన్ని ఒంటికి పట్టనివ్వదంటారు. ఇదీ నిజమే, కానీ విరుగుడు గుగ్గిళ్ళలోనే ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పైన పిండే నిమ్మరసం, తురిమి కలిపే పచ్చిమామిడి విటమిన్ సి ఇచ్చి ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తాయి. చిత్తూరు మామిడి సీమలో ఈ రెండో దానికి కొరత లేదు. టీ మాత్రం శనగ తిన్న వెంటనే కాకుండా గంట ఆగి తాగడం మంచిది, అందులోని టానిన్లు ఇనుమును అడ్డుకుంటాయి.

‘శనగ మన నేల పంట కాదు, మనకు కందిపప్పు ఉంది కదా’ అనేది మూడో మాట. ఈ ఎర్రనేలల్లో శనగ ప్రధాన పంట కాదన్నది సరే. కానీ నంద్యాల, కర్నూలు, ప్రకాశం, కడప నల్లరేగళ్లలో రబీలో మంచు తడికి, నేలలో మిగిలిన తేమకు పండే పంట ఇది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో 1999లో విడుదలైన జేజీ 11 శనగ రకం ఆ పొలాల్లో విస్తరించింది. నంద్యాల పరిశోధన కేంద్రం కోత యంత్రానికి అందేలా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకాన్ని తయారుచేసింది. ఖర్చు పెట్టి కాబూలీ శనగలు కొననక్కర్లేదు, పొట్టు మందంగా ఉన్న ఈ దేశవాళీ గింజల్లోనే పీచు ఎక్కువ. కందిపప్పును తీసెయ్యమనీ కాదు. చారులోకి పలచబడిన కందిపప్పు ఎంత తిన్నామో తెలియకుండా పోతుంది, గింజగా ఉన్న శనగను మాత్రం లెక్కపెట్టి తినవచ్చు.

ఓపిక ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి, పొట్టు తీసి పితికిపప్పు వండే మన ప్రాంతపు వంటింటికి శనగ చాలా తేలిక పని, ఎందుకంటే దీనికి పొట్టు తీయకూడదు. రాత్రి నానబెట్టినవి ఉదయానికి కుక్కరులో మెత్తబడతాయి. రెండు రోజులకు సరిపడా ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచితే ఒకసారి ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ తిరగవాతతో గుగ్గిళ్ళు, మరోసారి వంకాయతో కలిపి పులుసు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే గింజ ఎంతకీ మెత్తబడదు, మంచినీళ్లలో నానబెట్టి ఉడికిస్తే ఆ బాధ తప్పుతుంది. వంటసోడా వేస్తే తొందరగా ఉడుకుతుంది గానీ థయామిన్ అనే బీ విటమిన్ దెబ్బతింటుంది. కొబ్బరి తురుము గుప్పెడు కాకుండా చెంచాడు చాలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం, మాంసకృత్తుల లెక్క ఉంటుంది కాబట్టి డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

వాయనంలో శనగ పెట్టిన పెద్దలకు గ్లైసీమిక్ ఇండెక్స్ తెలియదు, ఆ ఆచారాన్ని వైద్యశాస్త్రంగా పొగడనూ అక్కర్లేదు. కానీ నానబెట్టడం, పొట్టు ఉంచడం, నూనె ముట్టించకుండా ఇవ్వడం అనే మూడు పనులూ ఆ వాయనంలో కలిసే ఉన్నాయి. మనం కొత్తగా నేర్చుకోవలసినది వంట కాదు. ఆ శనగలు శ్రావణ శుక్రవారం దాటి సోమవారానికి కూడా రావాలి, వచ్చినప్పుడు అన్నం ఒక గరిటె తగ్గాలి.