అన్నిటికన్నా ఎత్తయిన కొండ ఏది?

తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఏది? ఢిల్లీ మునిర్కాలో గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు విద్యార్థులను అడిగి చూడండి. ఒకరు ఒడిశాలోని మహేంద్రగిరి అంటారు. మరొకరు అర్మకొండ, ఇంకొకరు జింధగడ అంటారు. ప్రతివారి చేతిలోనూ ఒక పుస్తకం ఉంటుంది. పోయేది మాత్రం ఒక మార్కు!

మహేంద్రగిరి సంగతి తేలికే. దాని ఎత్తు 1,501 మీటర్లు. కోరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి 1,672 మీటర్లు. కనుక మహేంద్రగిరి పోటీలో లేదు. అయినా ఆ పేరు ఎందుకు నిలిచింది? అది తీరానికి దగ్గరగా ఉండి, దూరం నుంచే కంటపడడం వల్ల కావచ్చునని నా ఊహ. పాడేరు, అరకు వైపు కొండలు అలా కావు. అరకు లోయే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నిలబడితే ఎంత పెద్ద కొండయినా సగమే అనిపిస్తుంది.

అసలు చిక్కు పాడేరు ప్రాంతంలోని అర్మకొండ, జింధగడల మధ్య ఉంది. పట్టికల్లో మొదటిది 1,680, రెండోది 1,690 మీటర్లు. తేడా పదే మీటర్లు, అంటే మూడంతస్తుల మేడంత. అడవిలో చెట్టే అంత ఎత్తు ఉంటుంది కదా!

చెట్టుకూ కొలతకూ సంబంధం ఏమిటంటారా? 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్ తరంగాలతో భూమిలో చాలా భాగం ఎత్తులు కొలిచింది. నేటి కంప్యూటర్ మ్యాపులు ఎన్నింటికో అదే ఆధారం. కాని దట్టమైన అడవిలో ఆ తరంగాలు చాలావరకు నేలను చేరకుండా కొమ్మల మధ్యనుంచే మళ్ళిపోతాయి. అందువల్ల కొండ ఎత్తులో చెట్ల ఎత్తు కొంత కలిసిపోతుంది. ఒక కొండపై అడవి, పక్క కొండపై గడ్డి ఉంటే వరస తారుమారు కావచ్చు. పైగా ఒక్కో కొలత సుమారు 30 మీటర్ల గడికి సగటు; మొనదేలిన శిఖరం కాస్త తగ్గి కనబడుతుంది.

జి.పి.ఎస్. పట్టుకుని కొండెక్కితే సరిపోదా? సరిపోతుంది, ఒక సవరణ చేస్తే. ఉపగ్రహాల లెక్క సముద్రమట్టం నుంచి కాదు, గణితంలో ఊహించుకున్న నున్నని నారింజపండులాంటి భూమి నుంచి మొదలవుతుంది. మన దేశంలో ఈ రెంటికీ తేడా పదుల మీటర్లు. ఆ సవరణ మరిచినవారి లెక్కలో అర్మకొండ దేవ్‌మాలి కన్నా పొట్టిదైపోతుంది!

2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి జెడి అనే లేజర్ పరికరాన్ని పంపారు. దాని కాంతిలో కొంత ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగివస్తుంది. మొదట వచ్చేది చెట్టుకొన నుంచి, చివర వచ్చేది నేల నుంచి. ఆ రెంటి మధ్య పట్టిన కాలమే చెట్టు ఎత్తును చెబుతుంది. కొండ ఎత్తులోంచి తీసివేయవలసింది అందులో కొంత భాగం.