చదవడం నేర్పే పాఠం

పరీక్షాఫలితాలు వెలువడిన నాడు వెనుకబడిన విద్యార్థికి పెద్దలు చెప్పే హితవు ఒక్కటే: “ఇంకా బాగా చదువు.” ఎంతసేపు చదవాలో చెప్పేవారు ఎందరో ఉంటారు, ఎలా చదవాలో చూపేవారు అరుదు. పొద్దుపోయే వరకు పుస్తకం ముందు కూర్చున్నా మార్కులు రానప్పుడు, తనకు తెలివి లేదని ఆ విద్యార్థి తానే తీర్మానించుకుంటాడు. కొందరి చదువు అక్కడితోనే ఆగిపోతుంది. నిజానికి చాలా సందర్భాలలో అతనికి కొరవడినది బుద్ధి కాదు, పద్ధతి.

ఆ పద్ధతిని ఒకనాడు ప్రత్యేకంగా ఉపన్యసించి నేర్పవచ్చునని కొందరు భావిస్తారు. గట్టున నిలిచి వింటే ఈత రాదు, నీటిలో దిగాలి. అధ్యయన నైపుణ్యమూ అట్టిదే. గణితంలో ఇచ్చినది ఏది, కనుగొనవలసినది ఏది అని మొదట విడదీసుకోవాలి. చరిత్రలో కారణాలను, ఫలితాలను వేరుచేసి చూడాలి. వృక్షశాస్త్రంలో పటం గీసి భాగాలను గుర్తించాలి. ఒక్కొక్క శాస్త్రానిది ఒక్కొక్క చదువుతీరు. కనుక దానిని నేర్పడానికి తగిన చోటు ఆ శాస్త్రపాఠమే.

మన కావ్యపాఠ సంప్రదాయంలో ఈ సూత్రం ఇమిడి ఉంది. గురువు పద్యాన్ని చదివి, పదాలు విడదీసి, అన్వయక్రమంలో కూర్చి, ప్రతిపదార్థం చెప్పి, చివరకు తాత్పర్యం వివరిస్తాడు. తరువాతి పద్యానికి శిష్యుడు ఆ పనులు తానే చేస్తాడు. అతనికి పద్యంతోపాటు పద్యాన్ని చదివే విద్య కూడా లభిస్తుంది. గైడులోని తాత్పర్యాన్ని మాత్రమే వల్లెవేసిన వానికి ఆ విద్య దక్కదు.

అమెరికాలో పాలిన్‌సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకురాండ్రు 1984లో ప్రకటించిన అధ్యయనం ఈ విషయానికి బలం చేకూర్చింది. చదవడం వచ్చినా భావం గ్రహించలేని ఏడవ తరగతి పిల్లలకు వారు నాలుగు పనులు నేర్పించారు. చదివిన భాగాన్ని క్లుప్తంగా చెప్పడం, దానిపై ప్రశ్న వేయడం, అర్థంకాని చోటును తేటపరచుకోవడం, తరువాత రాబోయే విషయాన్ని ఊహించడం అనేవి ఆ నాలుగు. మొదట ఉపాధ్యాయులు చేసి చూపేవారు. క్రమంగా పిల్లలే వంతులవారీగా ఆ స్థానం వహించేవారు. పిల్లల అవగాహన మెరుగుపడింది. తరగతిలో చదివే విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలోనూ ఆ ఫలితం కనిపించింది.

పాఠ్యప్రణాళిక పూర్తిచేయడానికే సమయం చాలదన్న ఆక్షేపణ సహజమే. అయితే ఈ శిక్షణకు ప్రత్యేకమైన గంట అక్కరలేదు. పాఠం చివర ఐదు నిమిషాలు పుస్తకం మూయించి, గుర్తున్నది సొంతమాటల్లో రాయిస్తే చాలు. తనకు ఏది తెలిసిందో, ఏది తెలియలేదో విద్యార్థికి అప్పుడు స్పష్టమవుతుంది. తెలియనిది ఏదో గుర్తించినవాడు తగిన ప్రశ్న అడగగలడు. తరగతిలో ఇంతకాలం మౌనంగా కూర్చున్నవాడు తన సందేహాన్ని అడిగిన రోజున అతని చదువు తిరిగి ముందుకు సాగుతుంది.