మడమ వెనుక నొప్పి

విశాఖపట్టణము నుండి సైకిలుపై అరకులోయకు పోవువారికి శృంగవరపుకోట వరకు అంత శ్రమ తెలియదు. పిమ్మట అనంతగిరి ఘాటీ మొదలగును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న లోయను చేరుటకు మలుపు మలుపునను పెడలును బలముగా తొక్కవలెను. మరునాటి ఉదయము తొలి అడుగు వేయగనే కొందరికి మడమ వెనుక కలుక్కుమనును.

మనము దీనిని నరము పట్టినదందుము. అది నరము కాదు. పిక్క కండరమును మడమ ఎముకతో కలుపు గట్టి పట్టీ. గ్రీకు వీరుడు అకిలీస్ పేర వైద్యులు దానిని పిలుతురు. రక్తప్రసారము తక్కువ గనుక మెల్లగా మానును.

సీటు మిక్కిలి ఎత్తైనచో పెడలు అందుటకు మునివేళ్లు చాచవలసి వచ్చి పిక్కకు విశ్రాంతి యుండదు. సీటును కొద్దిగా దించి, పాదమును కొంచెము ముందుకు జరిపి, తేలిక గేరులో తొక్కుట మేలు. నడుమ త్యాడ వద్ద ఆగుటలో నామోషీ లేదని మా అభిప్రాయము.

నొప్పి వచ్చిన పిదప తైలము మర్దించి మరల కొండ నెక్కరాదు. అట్లని మంచము పట్టనక్కరయు లేదు. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు ప్రకటించిన సాధన సులభమైనది: మెట్టు అంచున మునికాళ్లపై నిలిచి మడమను మెల్లగా దింపుట, దినమునకు రెండు పూటలు, 12 వారములు. నొప్పి సరిగా మడమ ఎముకమీదనే యున్నచో మాత్రము మడమను మెట్టుకంటె దిగువకు దింపరాదు.

ఫట్టున తెగిన ట్లనిపించి మునికాళ్లపై లేవలేకపోయినచో, ఘాటీ నడుమ నున్నను సైకిలు వదలి, వాహనమెక్కి ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.